గైతోండె చిత్రకళ: ప్రేరణ, ప్రక్రియ, ఆశయం

ఆధునిక భారతీయ నైరూప్య చిత్రకళలో వాసుదేవ్ ఎస్. గైతోండె (1924–2001) స్థానం విశిష్టమైనది. నాగపూర్‌లో జన్మించి, బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో 1948లో విద్య ముగించిన ఆయన, పాల్ క్లే చిత్రాల నుండీ జెన్ బౌద్ధం నుండీ ప్రేరణ పొందారు. అయితే తన కళకు ‘నైరూప్యం’ అనే పేరును ఆయన అంగీకరించలేదు. దానిని వస్తురహిత కళగా భావించారు. నైరూప్యీకరణకు ముందుగా ఒక రూపం ఉండాలి. గైతోండె చిత్రానికి అటువంటి మూలరూపం లేదు.

దీర్ఘమైన మౌనచింతన తరువాతనే ఆయన చిత్రరచనకు పూనుకునేవారు. రోలరుతో రంగుల పొరలు పరచి, పాలెట్ కత్తితో గీకి, అడుగు వర్ణాలను వెలికితీసేవారు. ఏడాదికి కొద్ది చిత్రాలే పూర్తయ్యేవి. కాబట్టి ఆ పొరలలో సముద్రాన్నో ఆకాశాన్నో గుర్తించే విమర్శ ఆయన ఆశయానికి దూరమవుతుంది. పోల్చుకోవడం మాని, నిశ్చలంగా చూడటమే ఆ చిత్రాలు ప్రేక్షకుని నుండి కోరేది.