చీకటిని కోరే ఎర్రని ఆకు

శీతకాలం రాగానే నగరంలోని నర్సరీలలో ఎర్రని ఆకులతో కళకళలాడే పాయిన్‌సెట్టియా మొక్కలు కనిపిస్తాయి. ఉత్తరదేశంలో దీనిని లాల్ పత్తా అని కూడా అంటారు. క్రిస్మస్ పండుగకు కొని తెచ్చుకునేవారు అనేకులు. సంక్రాంతి దాటి ఆకులు రాలగానే పారవేసేవారూ అనేకులే. ఓపికతో నిలుపుకున్నవారికి మరొక నిరాశ కలదు. మొక్క ఏపుగా పెరుగుతుంది గాని మరల ఎరుపు చూపదు. మా అనుభవమూ అదే.

అబిడ్స్‌లో మేము ఉండేది రెండవ అంతస్తు. వసారాకు ఎదురుగా ఒక దుకాణపు బోర్డు, పక్కనే వీధిదీపం. అక్కడ ఉంచిన మా మొక్క రెండు శీతకాలాలు పచ్చగానే ఉండిపోయింది. మట్టి మార్చాము, ఎరువు మార్చాము, ఫలితం లేదు. దాని నుండి కోసిన కొమ్మనే నాంపల్లిలోని మా మిత్రుని ఇంట నాటగా, అది తొలి డిసెంబరులోనే పెరటి గోడ పక్కన ఎర్రగా విరిసింది. ఏమి ఎరువు వేశారని మిత్రుని తల్లిగారిని అడిగాము. "ఎరువు కాదు బేటా! చీకటి పడితే మా పెరట్లో కన్ను పొడుచుకున్నా కానరాదు. మీ ఇంట్లో రాత్రి ఎక్కడిది?" అని ఆమె నవ్వారు. వృక్షశాస్త్రం చదువుకున్న మాకు తట్టని సంగతి ఖాలాకు తట్టింది.

ఎర్రగా కనిపించేవి పూలు కావు. అవి పుచ్ఛాలు, అనగా పూలను ఆనుకొని ఉండే ఆకులు. అసలు పూలు వాటి నడుమ పసుపుపచ్చని చిన్న గుత్తులుగా ఉంటాయి. పూమొగ్గ ఏర్పడితేనే పుచ్ఛాలకు రంగు వస్తుంది. మొగ్గ ఏర్పడుటకు దీర్ఘమైన రాత్రి కావాలి. 1920లో గార్నర్, అలార్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు పొగాకు, సోయాచిక్కుడు మొక్కలను పరిశీలించి, పూత పగటి నిడివిని అనుసరించి ఉంటుందని వెల్లడించారు. పగలు తగ్గినప్పుడు పూచేవి హ్రస్వదీప్తికాల మొక్కలు. మన చేమంతి అట్టిదే, పాయిన్‌సెట్టియా అట్టిదే. పేరులో పగలు ఉన్నా, మొక్క లెక్కించేది రాత్రినే. ఆకులలోని ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యం వెలుగును పసిగడుతుంది. నడిరాత్రి కొద్దిసేపు దీపం వెలిగినా, ఒక దీర్ఘరాత్రి మొక్కకు రెండు పొట్టి రాత్రులుగా తోస్తుంది.

హైదరాబాదులో జూన్ మాసపు పగలు 13 గంటలు దాటుతుంది. సెప్టెంబరు 23 ప్రాంతంలో రేయింబవళ్లు సమానమై, డిసెంబరు నాటికి రాత్రి దాదాపు 13 గంటలకు పెరుగుతుంది. కావున దీపకాంతి సోకని పెరట్లో మనం ప్రత్యేకించి ఏమీ చేయనక్కరలేదు. అబిడ్స్ వంటి చోట మాత్రం చీకటిని మనమే కల్పించాలి. మరుసటి ఏడు అక్టోబరు 1 నుండి ప్రతి సాయంకాలం 5 గంటలకు మొక్కపై పెద్ద అట్టపెట్టె బోర్లించి, ఉదయం 7 గంటలకు తీసి ఎండలో ఉంచాము. పెట్టె కన్నాలను నల్లగుడ్డతో మూశాము. రెండు నెలలు ఒక్క పూటైనా మరువరాదు. ఇంట్లో పెళ్లిళ్లు, పరీక్షలు ఉన్నా ఇది తప్పదు. నవంబరు చివర కొన ఆకుల ఈనెలలో ఎరుపు పొడసూపింది. జనవరిలో నాంపల్లి నుమాయిష్ దీపాలు వెలిగే వేళకు మొక్క తన పని ముగించుకొనే ఉంటుంది.

మిగిలిన పోషణ సులభం. రంగు ఆకులు రాలిన పిమ్మట, మార్చిలో, కొమ్మలను అడుగు ఎత్తుకు కత్తిరించాలి. కోసిన కొమ్మలను జానెడు ముక్కలుగా చేసి, పాలు ఆరిన తరువాత ఇసుక కలిసిన మట్టిలో నాటవచ్చును. కుండీకి ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు చాలును; అడుగున నీరు పోయే రంధ్రం ఉండాలి. పైమట్టి ఆరిన తరువాతనే నీరు పోయాలి. నీరు నిలిచిన కుండీలో వేళ్లు కుళ్లి మొక్క చనిపోతుంది. వానాకాలంలో చివుళ్లు తుంచితే పక్కకొమ్మలు వేసి గుబురవుతుంది; సెప్టెంబరు వచ్చాక తుంచరాదు. పిండినల్లి పడితే సబ్బునీరు చల్లి కడగాలి.

ఇది జెముడు, నానబాలు మొక్కల దాయాది. తుంచితే కారే పాలు చర్మానికి మంట కలిగిస్తాయి, కంట పడరాదు. ప్రాణాంతక విషమనే ప్రచారం మాత్రం నిజం కాదు. దీని పుట్టినిల్లు మెక్సికో. అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న జోయెల్ పాయిన్‌సెట్ 1820ల చివర దీనిని తన దేశానికి పంపగా ఆయన పేరు స్థిరపడింది. ఆబిద్ అనే వ్యాపారి పేరు మన పేటకు స్థిరపడలేదా!

కళాశాల కమిటీవారికి ఒక మనవి. ఈ మొక్కలను మన ఆవరణలో నాటదలచినచో, రాత్రంతా దీపం వెలిగే గేటు పక్కన గాక, వెలుతురు పడని వెనుక గోడ వెంబడి నాటించండి. కావలసిన కొమ్మలు మార్చిలో మా ఇంటి నుండి, ఖాలా పెరటి నుండి తెచ్చి ఇస్తాము.