ఒకే పట్టుకు మూడు పేర్లు

రాత్రి భోజనాలయ్యాక మన డార్మిటరీల్లో కుస్తీ జరగని రోజుండదు. టీవీలో బ్రాక్ లెస్నర్ ఎదుటివాడి చెయ్యి మెలిపెట్టడం చూసిన తమ్ముళ్లు ఆ పట్టును పక్క మంచం వాడి మీద వేసి చూస్తుంటారు. టీవీలో వాళ్లిద్దరూ ముందే మాట్లాడుకుని ఆడతారు గానీ, ఆ పట్టు మాత్రం నిజమైనదే. మనలాంటి ఇళ్లల్లో భుజం జారితే పరీక్షతో పాటు సెలవుల్లో చేసే కూలీ కూడా పోతుంది. అందుకే, పి.జి.కి వచ్చాక జూడో నేర్చుకుంటున్న మేము తెలుసుకున్న నాలుగు సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

ముందు భుజం సంగతి. తుంటి దగ్గర ఎముక రోట్లో రోకలిలా లోతుగా కూర్చుంటుంది. భుజం దగ్గర సాసరులో నిమ్మకాయ పెట్టినట్టుంటుంది. అందుకే చెయ్యి అన్ని వైపులకూ తిరుగుతుంది, అంత తేలిగ్గానూ జారుతుంది. మోచెయ్యి వంచితే ముంజెయ్యి పానా కాడలా పనిచేస్తుంది. పానా పొడుగైతే బిగిసిన నట్టు కూడా తిరుగుతుంది కదా! ఒక చేత్తో ఎదుటివాడి మణికట్టు పట్టుకుని, రెండో చేతిని అతని జబ్బ మీదుగా చుట్టి తెచ్చి మన మణికట్టునే మనం పట్టుకోవాలి. అలా పట్టి అతని చేతిని వీపు వైపు తిప్పితే ఎంత బలమున్నవాడైనా లొంగాల్సిందే.

ఇంతవరకు అందరిదీ ఒకటే. తేడా వచ్చేది ఆట నిబంధనల వల్ల.

జూడోలో దీన్ని ఉదె గరామి అంటారు. ఉదె అంటే చెయ్యి, గరామి అంటే చుట్టివేయడం. జూడో పోటీల్లో మోచేతి మీద తప్ప వేరే కీలు మీద పట్టు వేయకూడదు. దీన్ని మోచేతి పట్టుగానే లెక్కగడతారు, భారం మాత్రం భుజం మీద కూడా పడుతుంది! వెల్లకిలా 20 సెకన్లు అదిమి ఉంచినా గెలుపే. ఆ అదుము నుంచి తప్పించుకోవాలని కిందివాడు చెయ్యి చాపగానే పైవాడు అందుకుంటాడు.

ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతపు క్యాచ్ కుస్తీలో దీని పేరు డబుల్ రిస్ట్‌లాక్. మన మట్టి కుస్తీలో లాగే అక్కడా వీపు నేలకు ఆనితే ఓటమి. కాబట్టి కిందపడ్డవాడు బోర్లా తిరుగుతాడు. పైవాడు ఈ పట్టుతో అతన్ని మళ్లీ వెల్లకిలా తిప్పుతాడు. తిరిగితే వీపు ఆనుతుంది, తిరగకపోతే భుజం పోతుంది. ఇంత నిర్దయగా ఆలోచించిన పట్టు మాకు ఇంకోటి కనబడలేదు.

బ్రెజిల్ జుజుత్సులో వీపు ఆనినా ఓటమి లేదు. అందుకని వాళ్లు కింద పడుకునే, పైవాడి నడుమును కాళ్లతో బంధించి ఇది వేస్తారు. పట్టు పూర్తికాకపోయినా దాన్నే పిడిలా పట్టుకుని అతన్ని పక్కకు దొర్లిస్తారు. అక్కడ దీని పేరు కిమురా. అది ఒక మనిషి పేరు. 1951 అక్టోబరు 23న రియో డి జనీరోలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో వీరుడు మసాహికో కిమురా, తనకన్నా బరువు తక్కువైన హెలియో గ్రేసీ మీద ఈ పట్టు వేశాడు. చెయ్యి విరిగినా హెలియో ఒప్పుకోలేదు. చివరికి అతని అన్న కార్లోస్ తువ్వాలు విసిరి ఆట ఆపించాడు. హెలియో ధైర్యాన్ని ఇప్పటికీ పొగుడుతారు. మాకైతే ఆ తువ్వాలు విసిరిన అన్నే గొప్పవాడనిపిస్తుంది. 2000 ఆగస్టులో అదే కుటుంబానికి చెందిన రెంజో గ్రేసీ చేతిని జపాన్ వీరుడు సకురాబా నిలబడే ఈ పట్టులో బిగించాడు. రెంజో కూడా లొంగలేదు, మోచెయ్యి స్థానం తప్పింది.

సాధనలో ఈ పట్టు నెమ్మదిగా వేయాలి. చెయ్యి ఎంతవరకు తిరుగుతుందో దాని యజమానికే తెలుస్తుంది, పట్టు వేసినవాడికి తెలియదు. కిందివాడు ఖాళీగా ఉన్న చేత్తో రెండుసార్లు తడితే వెంటనే వదిలేయాలి. చేతులు రెండూ చిక్కుకుంటే కాలితో నేలను తట్టవచ్చు. అదీ కుదరకపోతే జూడోలో నోటితో “మైట్టా” అంటారు, ఓడిపోయానని అర్థం. మన డార్మిటరీలో “చాలన్నా” అన్నా సరిపోతుంది.