ఇనుము తగ్గితే థైరాయిడ్‌కూ ఇబ్బందే: ఆయుర్వేద మందులు ఎంతవరకు పనికొస్తాయి?

రాయ్‌పూర్‌లో జి.ఇ. రోడ్డు మీద ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. అదే రోడ్డులో టాటీబంధ్ దగ్గర ఎయిమ్స్ ఉంది. ఇంకా పడమరకు పోతే భిలాయ్ ఉక్కు కర్మాగారం వస్తుంది. దల్లీ-రాజ్‌హరా గనుల ఇనుప ఖనిజం ఆ కర్మాగారానికి చేరుతుంది. రాష్ట్రానికి దక్షిణాన ఉన్న బైలదిలా కొండల ఖనిజమైతే కిరండూల్-కొత్తవలస రైలు మార్గంలో విశాఖపట్నం దాకా వస్తుంది. ఇంత ఇనుమున్న నేల మీద మనుషుల రక్తంలో మాత్రం దానికి కరువే. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 60.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకుముందరి సర్వేలో అది 47 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం కాబట్టి తెలుగు రాష్ట్రాలు కూడా పెద్దగా వెనుకబడి లేవు.

రక్తహీనతతో పాటు ఈ మధ్య చాలామంది మహిళల రక్తపరీక్ష కాగితాల్లో మరో అంకె కూడా కనిపిస్తోంది. అది టీఎస్‌హెచ్. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ‘ఇంకాస్త పనిచెయ్యి’ అని థైరాయిడ్‌ను తొందరపెట్టడానికి పంపే హార్మోన్ ఇది. థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుంది. టీఎస్‌హెచ్ కొంచెం పెరిగి, థైరాయిడ్ విడుదల చేసే టీ4 మాత్రం మామూలుగానే ఉంటే వైద్యులు దాన్ని పైకి తేలని థైరాయిడ్ లోపంగా పరిగణిస్తారు. హైదరాబాద్ సహా 8 నగరాల్లో 5,376 మందిని పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 8 శాతం మందికి ఈ స్థితి ఉన్నట్టు తేలింది.

టీఎస్‌హెచ్ 6.2, హిమోగ్లోబిన్ 10.4 అని ఒకే కాగితం మీద ఉందనుకుందాం. అలసట, జుట్టు రాలడం, చలికి తట్టుకోలేకపోవడం వంటి లక్షణాలు రెండింటికీ చెందుతాయి. అవి దేనివల్ల వచ్చాయో లక్షణాలను బట్టి తేల్చలేం. చాలా ఇళ్లలో ఇలాంటప్పుడే ‘ఇంగ్లీషు మందు మొదలుపెడితే జీవితాంతం వాడాలట, ముందు ఆయుర్వేదం చూద్దాం’ అనే మాట వస్తుంది. ఆ మాటను కొట్టిపారేయాల్సిన పనిలేదు. కాకపోతే ఆయుర్వేదం ఇచ్చే మందుల్లో ఏముందో, అవి ఏ అంకెను మార్చగలవో విడివిడిగా చూడాలి.

ఒకదాని లోపం రెండోదానికి ఎలా చుట్టుకుంటుంది?

థైరాయిడ్ హార్మోన్ తయారు కావాలంటే అయొడిన్ కావాలని అందరికీ తెలుసు. ఆ అయొడిన్‌ను ప్రొటీన్‌కు అతికించే ఎంజైమ్ పేరు థైరాయిడ్ పెరాక్సిడేజ్. దాని నడిబొడ్డున ఉండేది హీమ్, అంటే హిమోగ్లోబిన్‌లో ఇనుమును పట్టుకుని ఉండే నిర్మాణమే. ఇనుము తగ్గితే ఈ ఎంజైమ్ చురుకు తగ్గుతుంది. ఐవరీ కోస్ట్‌లో గాయిటర్, ఇనుము లోపం రెండూ ఉన్న పిల్లలపై జరిగిన అధ్యయనం 2002లో వెలువడింది. పిల్లలందరికీ అయొడిన్ ఉప్పే అందింది. అదనంగా ఇనుము మాత్రలు తీసుకున్న పిల్లల్లో 20 వారాల తర్వాత గాయిటర్ 43 శాతం మందిలో మిగిలితే, ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవారిలో 62 శాతం మందిలో మిగిలింది. ఇనుము అందనిదే అయొడిన్ కూడా తన పని పూర్తిగా చేయలేకపోయింది.

దారి రెండోవైపు నుంచీ ఉంది. థైరాయిడ్ మందగిస్తే నెలసరిలో రక్తస్రావం ఎక్కువ కావచ్చు, ఎముక మజ్జలో ఎర్రకణాల తయారీ నెమ్మదిస్తుంది. ఇంకా ఒకటుంది. థైరాయిడ్‌పై సొంత రోగనిరోధక శక్తి దాడి చేసే కొందరిలో జీర్ణాశయం గోడపై కూడా అలాంటి దాడే జరిగి ఆమ్లం తగ్గుతుంది. ఆమ్లం తగ్గితే ఆహారంలోని ఇనుము ఒంటబట్టదు. మనం రోజుకు పీల్చుకునే ఇనుమే 1 నుంచి 2 మిల్లీగ్రాములు. అందులోనూ కోత పడితే నిల్వలు అడుగంటడానికి ఎన్నో నెలలు పట్టదు.

అందుకే స్వల్పంగా పెరిగిన టీఎస్‌హెచ్‌ను చూసి కంగారుపడేముందు ఫెర్రిటిన్ పరీక్ష చేయించడం మంచిది. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో అది చెబుతుంది. పెద్దవారిలో లీటరుకు 15 మైక్రోగ్రాముల కన్నా తక్కువైతే నిల్వలు ఖాళీ అయినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. జ్వరం, వాపు ఉన్నప్పుడు మాత్రం ఈ అంకె దొంగతనంగా పెరుగుతుంది.

పాండురోగానికి ఇనుమే మందు

ఒళ్లు పాలిపోయే జబ్బును ఆయుర్వేదం పాండురోగం అంటుంది. చరక సంహిత చికిత్సాస్థానంలో 16వ అధ్యాయం మొత్తం దీని గురించే. అక్కడ చెప్పిన అయిదు రకాల్లో చివరిది మట్టి తినడం వల్ల వచ్చే పాండురోగం. మట్టి, పచ్చిబియ్యం, బలపాలు తినాలనిపించడం ఇనుము లోపానికి గుర్తని నేటి వైద్యం కూడా చెబుతోంది. మట్టి వల్ల లోపమా, లోపం వల్ల మట్టి మీద కోరికా అన్న ప్రశ్నకు ఇప్పటికీ పూర్తి జవాబు రాలేదు గానీ, ఈ రెండింటినీ అంత పాత గ్రంథం ముడిపెట్టడం గమనించదగ్గదే.

అదే అధ్యాయంలో నవాయస చూర్ణం ఉంది. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ, తుంగముస్తలు, వాయువిడంగాలు, చిత్రమూలం అనే తొమ్మిదింటినీ ఒక్కొక్క పాలు తీసుకుని, తొమ్మిది పాళ్ల ఇనుప పొడి కలపాలి. అంటే సగం మందు ఇనుమే. పునర్నవా మండూరం కూడా అక్కడిదే. పునర్నవ అంటే అటికమామిడి. మండూరం అంటే ఇనుము కరిగించేటప్పుడు మిగిలే చిట్టెం, అదీ ఏళ్ల తరబడి పాతబడినది. దాన్ని ఎర్రగా కాల్చి ద్రవాల్లో ముంచడం, మళ్లీ కాల్చి నూరడం ఎన్నోసార్లు చేస్తే ఇనుప ఆక్సైడ్ల మెత్తని భస్మం వస్తుంది. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఆగరియాలు తరతరాలుగా మట్టి కొలుముల్లో ఇనుము తీసినవారే. మిగిలిన చిట్టెం ఆ ఊళ్లలో కొత్త వస్తువేమీ కాదు.

కాబట్టి లోహభస్మం, మండూరభస్మం ఉన్న మందులు హిమోగ్లోబిన్‌ను పెంచితే ఆశ్చర్యపడాల్సింది లేదు. అడగాల్సింది వేరే. ఒక మోతాదులో ఎంత ఇనుముంది, అందులో ఎంత ఒంటబడుతుంది, ఎన్నాళ్లకు ఫలితమొస్తుంది? ప్రభుత్వ ఇనుము మాత్రకు ఈ లెక్క స్పష్టంగా ఉంది. కౌమార బాలికలకు వారానికోసారి ఇచ్చే నీలి మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. భస్మాల్లో ఇది తయారీని బట్టి మారుతుంది. పైగా ఉసిరిలోని సి విటమిన్ ఇనుము పీల్చుకోవడానికి తోడ్పడితే, కరక్కాయలోని టానిన్లు అడ్డుపడతాయి. ఒకే పొడిలో రెండూ ఉన్నప్పుడు ఏది గెలుస్తుందో ఊహించడం కన్నా ఫెర్రిటిన్ కొలవడం మేలు.

ఈ ప్రశ్న ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో పుస్తకాలకే పరిమితం కాలేదు. ఆయుష్, మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖలు 2024 ఫిబ్రవరిలో ఒక ఒప్పందం చేసుకున్నాయి. అయిదు వెనుకబడిన జిల్లాల్లో 14-18 ఏళ్ల బాలికల పోషణను ఆయుర్వేదంతో మెరుగుపరచడం దాని ఉద్దేశం. ఆ అయిదింటిలో బస్తర్ ఒకటి. మొత్తం లక్ష్యం సుమారు 95,000 మంది బాలికలు. ఇలాంటి కార్యక్రమాల్లో తేలాల్సింది ‘మందు ఇచ్చాక హిమోగ్లోబిన్ పెరిగిందా’ అన్నది మాత్రమే కాదు. అదే వయసు బాలికలకు నీలి మాత్ర ఇచ్చినదానితో పోల్చి ఎంత పెరిగిందన్నది అసలు లెక్క. నులిపురుగుల మందు, తిండి, రుతువు వీటిలో ఏది మారినా హిమోగ్లోబిన్ కదులుతుంది మరి.

థైరాయిడ్ దగ్గర ఆధారం పలుచన

ప్రాచీన గ్రంథాలకు థైరాయిడ్ హార్మోన్ తెలియదు. మెడ వాపును గలగండమని, గడ్డల వరుసను గండమాల అని అన్నాయి. గండమాలకు శార్ఙ్గధర సంహిత చెప్పిన కాంచనార గుగ్గులునే నేటి వైద్యులు థైరాయిడ్‌కు రాస్తున్నారు. కాంచనారం అంటే దేవకాంచనం చెట్టు బెరడు. మెడ మీద కనబడే గడ్డకు చెప్పిన మందు రక్తంలో టీఎస్‌హెచ్ అంకెకు పనిచేస్తుందని అనుకోవడం ఒక పెద్ద గెంతు.

అశ్వగంధ విషయంలో కొంత ఆధారం ఉంది. స్వల్ప థైరాయిడ్ లోపమున్న 50 మందిపై జరిపిన ప్రయోగం 2018లో వెలువడింది. రోజుకు 600 మిల్లీగ్రాముల వేరు సారం 8 వారాలు తీసుకున్నవారిలో టీఎస్‌హెచ్ తగ్గింది. కానీ 50 మంది, 8 వారాలు అంటే చిన్న అధ్యయనమే. అశ్వగంధ వాడాక థైరాయిడ్ అతిగా పనిచేసిన కేసులు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఏ మందు పనిచేసిందని చెప్పాలన్నా ఇంకో చిక్కుంది. స్వల్పంగా పెరిగిన టీఎస్‌హెచ్ చాలామందిలో దానంతటదే దిగుతుంది. 65 ఏళ్లు దాటిన 737 మందిపై యూరప్‌లో జరిగి 2017లో ప్రచురితమైన ప్రయోగంలో సగటు టీఎస్‌హెచ్ 6.40తో మొదలైంది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో ఏడాదికి అది 5.48కి తగ్గింది. అసలు మందు లెవోథైరాక్సిన్ తీసుకున్నవారిలో 3.63కి వచ్చింది, కానీ అలసట వంటి లక్షణాల్లో రెండు గుంపులకూ తేడా లేదు. అంటే ఇక్కడ అల్లోపతి మందు కూడా గొప్పలు చెప్పుకోవడానికి లేదు. వెంటనే ఏదీ మొదలుపెట్టకుండా రెండు మూడు నెలలకు మళ్లీ పరీక్షించమని వైద్యులు చెప్పేది అందుకే. అయితే గర్భిణులకు, గర్భం కోరుకుంటున్నవారికి ఈ నిరీక్షణ వర్తించదు. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి థైరాయిడ్ మీదే ఆధారపడుతుంది. టీఎస్‌హెచ్ 10 దాటినవారు కూడా వైద్యుణ్ణి కలవాల్సిందే.

రెండు వైద్యాలూ ఒకేసారి వాడేవారు గడియారం చూసుకోవాలి. లెవోథైరాక్సిన్ మాత్ర ఇనుముతో కలిస్తే పేగుల్లో అతుక్కుపోయి ఒంటబట్టదు. కనీసం 4 గంటల ఎడం ఉండాలి. ఇనుము మాత్ర అయితే చాలామంది గుర్తుపెట్టుకుంటారు. మండూరం కూడా ఇనుమేనని తట్టక పరగడుపున రెండూ కలిపి వేసుకుంటే టీఎస్‌హెచ్ దిగదు, మోతాదు పెంచాల్సి వస్తుంది. టీ, కాఫీలకు కూడా దూరం పాటించాలి. భస్మాల్లో మరో జాగ్రత్త ఉంది. ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించి 2008లో అమెరికా పరిశోధకులు ఇచ్చిన నివేదిక ప్రకారం అయిదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉంది. సీసం ఒంట్లో చేరితే అదే రక్తహీనతకు కారణమవుతుంది.

ఇక రాయ్‌పూర్ చుట్టుపక్కల ప్రత్యేకంగా చూడాల్సింది సికిల్ సెల్. ఛత్తీస్‌గఢ్‌లో ఈ జన్యులోపం గిరిజన సమాజాల్లోనే కాక ఇతర సమాజాల్లోనూ ఉంది. నగరంలో దీనికోసమే ఒక సికిల్ సెల్ సంస్థ పనిచేస్తోంది. ఈ జబ్బున్నవారి హిమోగ్లోబిన్ తక్కువగా ఉండేది ఎర్రకణాలు త్వరగా పగిలిపోవడం వల్ల. పదే పదే రక్తం ఎక్కించుకున్నవారి ఒంట్లో ఇనుము ఇప్పటికే పేరుకుపోయి ఉంటుంది. అలాంటివారికి లోహభస్మమైనా ఇనుము మాత్రయినా పరీక్ష లేకుండా ఇస్తే కాలేయం, గుండె మీద భారం పెరుగుతుంది. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 17 రాష్ట్రాల్లో పరీక్షలు చేస్తున్నారు. ఛత్తీస్‌గఢ్‌తో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. తొలి పరీక్షకు వేలి నుంచి తీసిన ఒకటి రెండు చుక్కల రక్తం చాలు.