నోవహు సంతతివారి ఏడు ఆజ్ఞలు

మా పై తరగతి విద్యార్థులకు ఆదికాండము తొమ్మిదవ అధ్యాయమును బోధించుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యా, మోషే ధర్మశాస్త్రము ఇశ్రాయేలీయులకు ఇయ్యబడినది గదా. మఱి తక్కిన జనులు ఏ ఆజ్ఞనుబట్టి దేవునికి లెక్క యొప్పగింపవలయును?" అని యడిగెను. ప్రశ్న చిన్నదే. అయినను యూద పండితులు అనేక శతాబ్దములుగా దీనిని విచారించి యొక ప్రత్యుత్తరము చెప్పియున్నారు. ఆ ప్రత్యుత్తరము నంగీకరించి, దాని చొప్పున నడచుకొనుచున్న యూదేతరులు నేటికిని గలరు. వారిని నోవహీయులందురు. హెబ్రీ భాషలో వారికి 'నోవహు కుమారులు' అను నర్థము గల పేరు కలదు. వారి విశ్వాసమును, ఆచారములను మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియజేయుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

జలప్రళయానంతరము బ్రదికిన నరులందఱును నోవహు సంతతివారే. కావున దేవుడు నోవహుతో చేసిన నిబంధన యొక్క జాతికి గాక సర్వ మానవజాతికిని చెందునని యూదుల బోధ. ఆ నిబంధన క్రింద నరులందఱికిని ఏడు ఆజ్ఞలు గలవని తల్మూదు అను వారి మహాగ్రంథములో, న్యాయసభలనుగూర్చిన భాగమందు చెప్పబడియున్నది. విగ్రహారాధన చేయరాదు. దేవుని నామమును దూషింపరాదు. నరహత్య చేయరాదు. వ్యభిచారమును, వావి వరుసలు లేని సంబంధములును కూడదు. దొంగిలరాదు. బ్రదికియున్న జంతువునుండి కోసిన మాంసమును తినరాదు. న్యాయస్థానములను నెలకొల్పవలయును. వీనిలో మొదటి యాఱును మానుమని చెప్పునవి, కడపటి దొక్కటియే చేయుమని చెప్పునది.

ఈ యాజ్ఞలను క్రమముగా వివరించినవాడు 1204 లో ఐగుప్తు దేశమందు మరణించిన మైమోనిడీసు అను ధర్మవేత్త. ఆయన చెప్పినదేమనగా, ఆఱు ఆజ్ఞలు ఆదామునకే యియ్యబడెను, సజీవ జంతువుయొక్క మాంసమునుగూర్చిన యాజ్ఞ మాత్రము నోవహునకు అధికముగా నియ్యబడెను. ఏలయనగా మాంసాహారమునకు సెలవు దొరకినది ప్రళయము తరువాతనే. సెలవుతోడనే హద్దును ఏర్పడినది. జంతువును చంపి తినవచ్చును గాని దాని ప్రాణముండగానే అవయవమును కోసికొనిపోవు క్రూరత్వము తగదు.

ఇచ్చట మనము గమనింపవలసిన విషయ మొకటి గలదు. యూదులు తమకు 613 ఆజ్ఞలు గలవని యెంచుదురు. అన్యుడు తమ మతములో చేరగోరినయెడల వానికి ఆ భారమంతయు వివరించి, నిదానముగా ఆలోచించుకొమ్మందురు. చేరకయే నీతిమంతుడుగా నుండగోరువానికి ఈ యేడును చాలునందురు. అన్యజనులలోని నీతిమంతులకు రాబోవు లోకమందు పాలు గలదను మాట వారి ప్రాచీన గ్రంథములలో నున్నది. అయితే మైమోనిడీసు ఒక షరతు పెట్టెను. ఇవి తన బుద్ధికి మంచివని తోచుటచేత గాక, దేవుడు ఆజ్ఞాపించి మోషేద్వారా తెలియజేసెనను విశ్వాసముతో గైకొనవలయునని ఆయన మతము.

అపొస్తలుల కార్యములను చదివినవారికి ఇట్టి మనుష్యులు క్రొత్తవారు కారు. కైసరయలోని శతాధిపతియైన కొర్నేలియు, ఫిలిప్పీలో ఊదారంగు పొడి అమ్ము లూదియయు యూదులుగా పుట్టకయే ఇశ్రాయేలు దేవుని సేవించినవారు. నేటి తురుష్క దేశములోని అఫ్రొదీసియ అను పురాతన పట్టణమందు 1976 లో నొక శిలాశాసనము దొరకెను. దానిపై యూదుల పేళ్లతోకూడ, దైవభక్తులని వేఱుగా పేర్కొనబడిన యాబదిమందికి పైగా జనుల పేళ్లు చెక్కబడియున్నవి. పదునైదవ అధ్యాయములో యెరూషలేము సభవారు అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులకు నియమించిన నాలుగు సంగతులను కొందఱు పండితులు నోవహు ఆజ్ఞలతో పోల్చుదురు. మఱికొందఱు లేవీయకాండములో పరదేశులకు విధింపబడిన నియమములే వాటికి మూలమందురు.

ఇటీవలి కాలమున ఈ మార్గమును బహిరంగముగా నవలంబించినవారిలో ప్రసిద్ధుడు ఎమే పాలియేరు. ఇతడు 1868 లో ఫ్రాన్సు దేశమందు లియోను పట్టణములో భక్తిగల కతోలిక కుటుంబమున జనించెను. పదియేడేండ్ల ప్రాయమున నొకనాడు యూదుల సమాజమందిరములో ప్రవేశించి, ప్రాయశ్చిత్త దినమున వారు చేయు ప్రార్థనను చూచి చలించెను. తరువాత యూదుడు కాగోరి, ఇటలీలోని లివోర్నో పట్టణమందున్న ఏలీయా బెనమొజేగు అను రబ్బీకి వ్రాసెను. ఆ వృద్ధుడు, నీవు యూదుడవు కానక్కరలేదు, నోవహు ధర్మమునందు నిలువుమని యుపదేశించెను. శిష్యుడు ఆ మాటను శిరసావహించి, గురువు మరణించిన పిమ్మట ఆయన గ్రంథమును సవరించి 1914 లో ప్రకటించెను. తన జీవితకథను 1926 లో గ్రంథరూపముగా వెలువరించి 1949 లో మరణించెను. పుట్టిన సంఘమును విడిచియు, ప్రేమించిన జనములో పూర్తిగా చేరకయు, గడపమీద నిలిచిన బ్రదుకు సులభమైనది కాదని మన మూహింపవచ్చును.

1980 మొదలు ఈ బోధ మఱింత వ్యాపించెను. న్యూయార్కులో నివసించి 1994 లో మరణించిన మెనాఖెము మెండెలు ష్నియర్సను అను రబ్బీ, యూదులు ఈ యేడాజ్ఞలను సర్వజనులకు తెలుపవలయునని తన శిష్యులను ప్రోత్సహించెను. 1991 లో అమెరికా శాసనసభ చేసిన యొక తీర్మానమందు ఈ యేడాజ్ఞల ప్రస్తావన గలదు. అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రమందు ఏథెన్సు అను పట్టణములో నొక బాప్టిస్టు సంఘము తన కాపరితోకూడ ఈ మార్గమునకు తిరిగి, మందిర శిఖరమునే తొలగించెను. ఫిలిప్పీను దీవులలోను, ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండములలోను ఇట్టి చిన్న చిన్న గుంపులు నేడు గలవు.

వారి ఆచారములు స్వల్పములు. సున్నతి వారికి విధి కాదు. యూదుల ఆహార నియమములును విధులు కావు. ఇండ్లలో ప్రతిమల నుంచుకొనరు. కీర్తనలను పఠించి ప్రార్థింతురు. తమకు సంబంధించిన ధర్మములను రబ్బీలయొద్ద నేర్చుకొందురు. విశ్రాంతిదినమును యూదులవలె సంపూర్ణముగా నాచరించుట వారికి తగదని తల్మూదు బోధ. ఎంతవరకు ఆచరింపవచ్చునను విషయమై నేటికిని వాదము గలదు.

మనకును వారికిని భేదము లేదని చెప్పుట సత్యము కాదు. వారు యేసును క్రీస్తని యొప్పుకొనరు. మన త్రిత్వ విశ్వాసమును మైమోనిడీసు విగ్రహారాధనలో చేర్చెను. పెర్పిన్యాను పట్టణమందు 1249 లో జనించిన మెయీరీ అను పండితుడు మాత్రము క్రైస్తవులను విగ్రహారాధకులలో లెక్కింపలేదు. మఱియు ప్రాచీన శాసనములో ఈ యాజ్ఞలను మీఱినవారికి మరణదండన విధింపబడినది. ఒక జనుల పండితులు లోకమంతటికిని శాసనము వ్రాయుట న్యాయమా యని యడుగువారును గలరు. ఈ యాక్షేపణలు త్రోసివేయదగినవి కావు. అయినను పరుల విశ్వాసమును సరిగా తెలిసికొనిన పిమ్మటనే దానితో విభేదించుట విద్యావంతునికి ధర్మము.

కడపటి యాజ్ఞనుగూర్చి యొక మాట చెప్పి ముగించెదను. షెకెము పట్టణపు రాజకుమారుడు యాకోబు కుమార్తెయైన దీనాను చెఱిచిన కథ మీరు చదివియున్నారు. షిమ్యోనును లేవియు పట్టణములోని మగవారినందఱిని చంపుట యెట్లు న్యాయమని పండితులు చర్చించిరి. పట్టణస్థులందఱును ఆ దుష్కార్యమును చూచియు, తెలిసియు, వానికి తీర్పు తీర్చలేదు, కావున వారును దోషులేయని మైమోనిడీసు చెప్పెను. 1270 లో మరణించిన నహ్మానిడీసు దీనికి సమ్మతింపలేదు. ఆ యన్నదమ్ముల కత్తిని నేనును సమర్థింపను, వారి తండ్రియు సమర్థింపలేదు. అయినను ఆ వాక్యములోని న్యాయము నన్ను విడువకున్నది. దొంగిలనివాడు మంచివాడేగాని, దొంగతనమును చూచి నోరు మూసికొన్నవాడు ఏడవ యాజ్ఞను మీఱినవాడే.

తరగతిలో నొక బీదబాలుని పుస్తకము పోయినప్పుడు, తీసినవానిని నలువదిమంది చూచియుండియు పలుకనియెడల, ఆ తరగతి యంతయు ఒక చిన్న షెకెము కాదా? ప్రశ్న యడిగిన బాలునికి నేను ఈ మాటయే చెప్పితిని. అతడు కొంతసేపు తల వంచుకొని కూర్చుండెను. మఱునాడు పోయిన పుస్తక మొకటి దాని సొంతదారుని బల్లమీద కనబడెను. ఎవరు పెట్టిరో నేనడుగలేదు.