మెంటల్ హెల్త్ నర్సింగ్: ‘ఎవరో పిలుస్తున్నరు సిస్టర్’ అని పేషెంట్ అంటే.. నర్సింగ్ స్టూడెంట్ ఏం చేయాలి?

మనసు బాగోలేని మనిషి జహీరాబాద్ లాంటి పట్టణంలో నేరుగా సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లడం అరుదు. గుండె దడ అనో, నిద్ర పడ్తలేదనో ముందు జనరల్ ఓపీకి వస్తాడు. లేదంటే పురుగుల మందు తాగిన కేసుగా క్యాజువాలిటీకి వస్తాడు. అక్కడ బీపీ చూసేది, వివరాలు రాసుకునేది, మొదట మాట్లాడేది నర్సే. ఆ పది నిమిషాలు ఎలా గడిచాయన్న దాన్ని బట్టే చాలాసార్లు ఆ మనిషి చికిత్సలోకి వస్తాడా, మళ్లీ కనిపించకుండా పోతాడా అనేది తేలుతుంది.

జీఎన్‌ఎం రెండో ఏడాదిలో, బీఎస్సీ నర్సింగ్ 5, 6 సెమిస్టర్లలో మెంటల్ హెల్త్ నర్సింగ్ సబ్జెక్టు ఉంటుంది. థియరీ బట్టీ పట్టి పాసైపోవచ్చని చాలామంది అనుకుంటారు. కానీ వార్డులో అడుగు పెట్టాక అక్కరకొచ్చేవి అందులోని కొన్ని కాన్సెప్టులే. అవేంటో చూద్దాం.

జహీరాబాద్‌కు ఈ సబ్జెక్టుతో సంబంధం ఏంటి?

1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం (డీఎంహెచ్‌పీ) మొదలుపెట్టింది. తొలి విడతలో ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో ఉమ్మడి మెదక్ ఒకటి. జహీరాబాద్ అప్పట్లో మెదక్‌లోనే ఉండేది. 2016 అక్టోబర్‌లో జిల్లాల విభజనతో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది.

కర్ణాటకలోని బళ్లారిలో నిమ్హాన్స్ చేసిన ప్రయోగం ఈ కార్యక్రమానికి మూలం. దాని ఆలోచన సింపుల్. పెద్ద మెంటల్ హాస్పిటల్ దాకా రాలేని వాళ్ల కోసం ఊరి దగ్గరున్న డాక్టర్లకు, నర్సులకు, హెల్త్ వర్కర్లకు ట్రైనింగ్ ఇవ్వాలి. జహీరాబాద్ నుంచి హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి దాదాపు 100 కిలోమీటర్లు. ఒక రోజు కూలీ పోగొట్టుకుని, బస్ చార్జీలు పెట్టుకుని ప్రతి నెలా అంత దూరం వెళ్లడం అందరి వల్లా కాదు.

2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు అందులో తేలింది. చికిత్స అందని వాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఈ ఖాళీని సైకియాట్రిస్టులు ఒక్కళ్లే పూడ్చలేరు. అందుకే నర్సు పాత్ర ఇంత ముఖ్యం.

కాన్సెప్ట్ 1: మందు కంటే ముందు మాట

సర్జికల్ వార్డులో నర్సు చేతిలో ఫోర్సెప్స్, డ్రెస్సింగ్ ట్రే ఉంటాయి. సైకియాట్రీ వార్డులో ఆమె వాడే పరికరం ఆమే. పుస్తకాల్లో దీన్నే ‘థెరప్యూటిక్ యూజ్ ఆఫ్ సెల్ఫ్’ అంటారు. నర్సు, పేషెంట్ మధ్య ఏర్పడే నమ్మకం కూడా చికిత్సలో భాగమే అన్న ఆలోచనకు గట్టి పునాది వేసింది అమెరికన్ నర్సు హిల్డెగార్డ్ పెప్లావ్. 1952లో వచ్చిన ఆమె పుస్తకం ఈ సబ్జెక్టు దారినే మార్చేసింది.

ఈ సంబంధాన్ని ఇప్పుడు నాలుగు దశలుగా చెబుతారు.

- పేషెంట్‌ను కలిసే ముందు: కేస్ షీట్ చదవడం, మనలోని భయాలను గుర్తించడం.
- పరిచయం: పేరు, ఎన్ని రోజులు ఉంటాం, ఎందుకు మాట్లాడుతున్నాం అన్నది చెప్పడం.
- పని దశ: సమస్య గురించి మాట్లాడటం, దాన్ని ఎదుర్కొనే దారులు వెతకడం.
- ముగింపు: ఫలానా రోజుతో పోస్టింగ్ అయిపోతుందని ముందే చెప్పి వెళ్లడం.

స్టూడెంట్లు ఎక్కువగా వదిలేసేది ఆఖరిదే. రెండు వారాలు రోజూ పక్కన కూర్చుని మాట్లాడిన అమ్మాయి ఓ సోమవారం నుంచి చెప్పకుండా మానేస్తే, అసలే ‘నన్నందరూ వదిలేసిండ్రు’ అనుకునే పేషెంట్‌కు అదే రుజువుగా కనిపిస్తుంది.

కాన్సెప్ట్ 2: ఏం అనాలి? ఏం అనకూడదు?

డిప్రెషన్‌లో ఉన్న పెద్దావిడ ‘నేనుండి ఏం లాభం బిడ్డా’ అంటే చటుక్కున నోట్లోంచి వచ్చే మాట ‘అట్లా అనొద్దు పెద్దమ్మా, అంతా మంచిగైతది’ అని. ఉద్దేశం మంచిదే. కానీ దాంతో మాట అక్కడే ఆగిపోతుంది. దీన్ని ‘ఫాల్స్ రీఅష్యూరెన్స్’ అంటారు. అంటే ఉత్తుత్తి భరోసా. దాని బదులు ‘లాభం లేదని ఎప్పటి నుంచి అనిపిస్తోంది పెద్దమ్మా?’ అని అడిగితే ఆమె చెప్పడం మొదలుపెడుతుంది.

‘ఎందుకు ఇట్లా చేసినవ్?’ అన్న ప్రశ్న కూడా తప్పించాలి. ‘ఎందుకు’ అనగానే సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది. ‘ఆ రోజు ఏం జరిగిందో చెప్తావా అన్నా?’ అంటే చాలు. ఆయన మాట్లాడకపోతే కాసేపు మౌనంగా పక్కన కూర్చోవడం కూడా ఒక టెక్నిక్కే.

కాన్సెప్ట్ 3: గొంతులు వినిపిస్తే.. అవునాలా, కాదనాలా?

ఎవరూ లేకపోయినా గొంతులు వినిపించడం, మనుషులు కనిపించడం హాల్యూసినేషన్. పక్కింటోళ్లు అన్నంలో విషం కలుపుతున్నారని, ఎంత రుజువు చూపించినా మారకుండా నమ్మడం డెల్యూజన్. మొదటిది ఇంద్రియాలకు సంబంధించింది. రెండోది నమ్మకానికి సంబంధించింది.

‘ఎవరో పిలుస్తున్నరు సిస్టర్’ అంటే ‘అవును, నాకూ వినిపిస్తోంది’ అనకూడదు. ‘ఛీ, ఏం లేదు, ఊరుకో’ అని కొట్టిపారేయకూడదు. వాదనకు దిగితే పేషెంట్ దూరమవుతాడు. చెప్పాల్సింది ఇలా ఉండొచ్చు: ‘మీకు వినిపిస్తోందని అర్థమైంది. నాకైతే వినిపిస్తలేదు. భయమైతుందా? నేనిక్కడే ఉంటా.’

ఆ వెంటనే అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న: ఆ గొంతు ఏం చెబుతోంది? చచ్చిపోమనో, ఎవరినైనా కొట్టమనో ఆదేశిస్తుంటే అది ఎమర్జెన్సీ. డాక్టర్‌కు అప్పుడే చెప్పాలి.

కాన్సెప్ట్ 4: చూసింది రాయాలి, అనుకున్నది కాదు

మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్ (ఎంఎస్‌ఈ) అంటే మనసుకు తీసే వైటల్స్ లాంటిది. వేషం, ప్రవర్తన, మాట తీరు, మూడ్, ఆలోచనలు, ఇంద్రియానుభవాలు, జ్ఞాపకశక్తి, తన జబ్బు తనకు తెలుసా లేదా.. ఇవన్నీ వరుసగా గమనించి రాయాలి. ‘పేషెంట్ వయొలెంట్‌గా ఉన్నాడు’ అని రాస్తే పనికిరాదు. ‘మధ్యాహ్నం 2 గంటలకు గ్లాసు గోడకు విసిరాడు, నన్ను చూస్తున్నారని అరిచాడు’ అని రాస్తే తర్వాతి డ్యూటీ వాళ్లకు పనికొస్తుంది.

ప్రశ్నలు మనిషిని బట్టి మారాలి. బడికి వెళ్లని అవ్వను తేదీ అడిగి, చెప్పలేదని ‘ఓరియెంటేషన్ లేదు’ అని రాస్తే తప్పు. ఇవాళ ఏ వారం, అంగడి ఏ రోజు అని అడగొచ్చు. వంద నుంచి ఏడేసి తీసేయమనే బదులు, వంద నోటిచ్చి 35 రూపాయల సరుకు కొంటే ఎంత తిరిగి రావాలో అడగొచ్చు. జహీరాబాద్‌లో భాష కూడా చూసుకోవాలి. ఇక్కడ తెలుగుతో పాటు ఉర్దూ, సరిహద్దు కావడంతో కన్నడ కూడా వినిపిస్తాయి. పేషెంట్‌కు వచ్చిన భాషలో అడగకపోతే జవాబు రాకపోవడం జబ్బు లక్షణం కాదు.

కాన్సెప్ట్ 5: వింత ప్రవర్తన అంతా ‘పిచ్చి’ కాదు

ఈ ప్రాంతపు నర్సులకు బాగా తెలిసి ఉండాల్సిన పాఠం కల్తీ కల్లు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు పెరిగి, సరఫరా ఒక్కసారిగా తగ్గింది. మెదక్, నిజామాబాద్ సహా పలు జిల్లాల నుంచి జనం వందల సంఖ్యలో ఆస్పత్రులకు పరుగులు పెట్టారు. ఎర్రగడ్డ కిటకిటలాడింది. చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, తమలో తాము మాట్లాడుకోవడం, ఫిట్స్ రావడం.. ఇవీ లక్షణాలు.

కారణం ఏంటంటే.. కల్తీ కల్లులో మత్తు కోసం ఆల్‌ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. రోజూ తాగితే మెదడు వాటికి అలవాటు పడుతుంది. హఠాత్తుగా ఆగితే నాడీ వ్యవస్థ అదుపు తప్పుతుంది. దీన్నే విత్‌డ్రాయల్ అంటారు. ముదిరితే డెలీరియం, ఫిట్స్‌తో ప్రాణం మీదకు రావచ్చు. అందుకే డాక్టర్ పర్యవేక్షణలో డోసు మెల్లగా తగ్గిస్తూ మాన్పించాలి.

నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి ఎక్కడున్నాడో చెప్పలేకపోతే, గోడ మీద పురుగులు కనిపిస్తున్నాయంటే, కాసేపు తెలివిగా కాసేపు అయోమయంగా ఉంటే.. ముందు శరీరంలో కారణం వెతకాలి. టెంపరేచర్, పల్స్, బీపీ, షుగర్ చూడాలి. మంచానికి రెయిల్స్ పెట్టాలి, లైటు ఉంచాలి, డాక్టర్‌ను పిలవాలి. ‘కల్లు అలవాటుందా? ఆఖరిసారి ఎప్పుడు తాగిండ్రు?’ అని నింద లేకుండా అడగాలి. ఆడవాళ్లను, పెద్ద వయసు వాళ్లను ఈ ప్రశ్న అడగడం చాలామంది మర్చిపోతారు. పల్లెల్లో వాళ్లూ తాగుతారు.

కాన్సెప్ట్ 6: ఆత్మహత్య గురించి నేరుగా అడగొచ్చా?

అడగొచ్చు. అడగాలి కూడా. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్నది అపోహ. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎట్లా అని ఆలోచించిండ్రా? ఇంట్లో పురుగుల మందు ఉందా?’ అని మెల్లగా, ఏకాంతంగా అడగాలి. ఆలోచన నుంచి ప్లాన్ దాకా, ప్లాన్ నుంచి వస్తువు చేతికందే దాకా వెళ్లే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. పేషెంట్ ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్నా ఈ విషయం దాచకూడదు. ‘మీ ప్రాణానికి సంబంధించింది కాబట్టి డాక్టర్‌కు చెప్తా’ అని అతనికే చెప్పాలి.

డిప్రెషన్ మందులు పనిచేయడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. కొందరిలో మూడ్ కంటే ముందు ఓపిక తిరిగి వస్తుంది. ఆ మొదటి వారాల్లోనే కన్నేసి ఉంచాలి.

కాన్సెప్ట్ 7: మందుల దగ్గర ఈ గుర్తులు మిస్ కావొద్దు

- హాలోపెరిడాల్ లాంటి మందు తర్వాత మెడ బిగుసుకుపోయి, కళ్లు పైకి వెళ్లిపోతే అది డిస్టోనియా. ఇంటివాళ్లు దయ్యం పట్టిందనుకోవచ్చు. డాక్టర్ రాసిన ఇంజెక్షన్‌తో త్వరగానే తగ్గుతుంది.
- ఇవే మందుల మీద ఉన్నవాళ్లకు తీవ్ర జ్వరం, ఒళ్లంతా బిగుసుకుపోవడం కలిసి వస్తే ప్రాణాపాయం.
- లిథియం రక్తంలో 0.6 నుంచి 1.2 మధ్య ఉండాలి. 1.5 దాటితే విషంగా మారుతుంది. ఎండలో చెరుకు కొట్టే మనిషికి చెమట పట్టి నీళ్లు తగ్గితే లెవెల్ పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు ఎక్కువైతే టెస్ట్ చేయించాలి.
- క్లోజపిన్ వాడేవాళ్లకు జ్వరం, గొంతు నొప్పి వస్తే తెల్ల రక్తకణాల కౌంట్ చూడాల్సిందే.

చట్టం ఏం చెబుతోంది?

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఓ ప్రైవేట్ కేంద్రంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉండటంతో తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. ఇప్పుడు మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్-2017 ప్రకారం పేషెంట్‌ను ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదు. మత్తు ఇవ్వకుండా కరెంట్ ట్రీట్‌మెంట్ ఇవ్వకూడదు.

తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్ట్ అనుమతితోనే కట్టడి చేయాలి. శిక్షగా చేయకూడదు. స్టాఫ్ తక్కువున్నారన్నది కారణం కాదు. పేషెంట్ నామినీకి 24 గంటల్లో తెలియజేయాలి.

ఇదే చట్టంలోని సెక్షన్ 115 ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. పోలీస్ కేసు అవుతుందన్న భయంతో ఇంటివాళ్లు నిజం దాస్తే చికిత్స ఆలస్యమవుతుంది. ఈ మాట వాళ్లకు చెప్పాల్సింది క్యాజువాలిటీలో ఉన్న నర్సే.

మరి స్టూడెంట్ మనసు సంగతి?

మొదటిసారి సైకియాట్రీ పోస్టింగ్‌కు వెళ్తే భయం సహజం. కొందరు పేషెంట్ల కథలు ఇంటిదాకా వెంటాడతాయి. ‘ప్రాసెస్ రికార్డింగ్’ ఉన్నది అందుకే. పేషెంట్ ఏమన్నాడు, తను ఏమంది, అప్పుడు తనకేమనిపించింది అన్నది మాట పొల్లుపోకుండా రాసి ట్యూటర్‌తో చర్చించాలి. మార్కుల కోసం ఊహించి రాస్తే ఉపయోగం లేదు. పేషెంట్ పేరు, ఫొటో, వీడియో మాత్రం వాట్సాప్ స్టేటస్‌లోకి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకూడదు. చట్టం ప్రకారం గోప్యత పేషెంట్ హక్కు.

సాయం కావాలంటే: కేంద్రం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ మానస్ నంబర్ 14416. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. పేషెంట్ కుటుంబాలకు ఈ నంబర్ రాసివ్వండి. నిద్ర పట్టని స్టూడెంట్లు కూడా ఇదే నంబర్‌కు కాల్ చేయొచ్చు.