సెలవుల్లో శరీర బరువు – అలవాట్ల మార్పు

విద్యార్థులారా! పరీక్షలు ముగిశాయి. రేపటి నుంచి గంట మోగదు, బస్సు కోసం పరుగెత్తనక్కరలేదు. ఈ రెండు నెలల విరామం తరువాత మీరు తిరిగి తరగతిలో కూర్చునేటప్పుడు మీ బరువు తగ్గి ఉంటుందా, పెరిగి ఉంటుందా? చాలామంది "ఖాళీ దొరికింది కాబట్టి తగ్గించుకోవచ్చు" అనుకుంటారు. జరిగేది తరచుగా దీనికి వ్యతిరేకం. ఎందుకు అలా జరుగుతుందో, దాన్ని ఎలా మార్చుకోవచ్చో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఉదాహరణగా అండమాన్ దీవుల్లోని పోర్ట్‌బ్లెయిర్ పట్టణాన్ని తీసుకుందాం. 2024లో ఈ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడ జంగ్లీఘాట్‌కు దగ్గరగా డైరీ ఫార్మ్ అనే పేట ఉంది. ఆంధ్ర తీరం నుంచి, ముఖ్యంగా ఉత్తరాంధ్ర నుంచి, వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ దీవుల్లో చాలా ఉన్నాయి.

విషయం చిన్నది కాదు. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో నూటికి 23, 24 మంది అధిక బరువుతో ఉన్నారు. అండమాన్ నికోబార్ దీవుల్లో ఈ సంఖ్య స్త్రీలలో నూటికి దాదాపు 38, పురుషులలో దాదాపు 45. అధిక బరువు వెంట మధుమేహం, రక్తపోటు వస్తాయి. ఈ బరువు ఒక్కరోజులో వచ్చి పడదు. విద్యార్థి దశలోనే కొంచెం కొంచెంగా చేరడం మొదలవుతుంది.

సెలవుల్లో ఏం జరుగుతుంది?

అమెరికాలో 18 వేలమందికి పైగా పిల్లలను చిన్న తరగతుల నుంచి కొన్నేళ్ళపాటు గమనించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. ఆ పిల్లల్లో అధిక బరువు పెరిగినది బడి జరిగే నెలల్లో కాదు, వేసవి సెలవుల్లోనే. పెద్దవారి మీద జరిగిన మరొక పరిశోధన 2000 సంవత్సరంలో వెలువడింది. పండుగ సెలవులు వచ్చే ఆరు వారాల్లో వారి బరువు సగటున అర కిలో కన్నా తక్కువే పెరిగింది. అయితే ఆ కొద్దిపాటి బరువు తరువాతి నెలల్లో తగ్గలేదు. ఏటా ఇలా కొంత చేరుతూ పోతే పదేళ్ళకు ఎంత అవుతుందో మీరే ఊహించండి.

బడి పిల్లలను సన్నగా ఉంచుతుందా అని మీరు అడగవచ్చు. బడిలో ఒక కాలపట్టిక ఉంటుంది. తినే వేళ, నడిచే వేళ, నిద్రపోయే వేళ అదే నిర్ణయిస్తుంది. సెలవుల్లో ఆ పట్టిక తొలగిపోతుంది. రాత్రి నిద్ర ఆలస్యమవుతుంది, పొద్దున్న లేవడం ఆలస్యమవుతుంది, మధ్యలో చిరుతిండ్లు చేరతాయి. బంధువుల ఇంటికి వెళితే కొసరి కొసరి వడ్డిస్తారు, మొహమాటానికి తింటాం.

పని ఆగిన పెద్దవారికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, యాంత్రిక పడవల వేటను నిషేధిస్తారు. వల లాగే మనిషికి వేట రోజుల్లో సరిపోయే అన్నం, ఒడ్డున కూర్చున్న రోజుల్లో ఎక్కువవుతుంది. కంచం మారదు, శ్రమ మాత్రం మారుతుంది.

బరువు లెక్క

మీ బరువును కిలోల్లో తీసుకొని, మీటర్లలో ఉన్న ఎత్తును ఎత్తుతోనే గుణించి వచ్చిన సంఖ్యతో భాగించండి. దీన్ని శరీర ద్రవ్యరాశి సూచిక అంటారు. 1.60 మీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు ఉన్న 19 ఏళ్ళ డిగ్రీ విద్యార్థి ఒకరు డైరీ ఫార్మ్‌లో ఉన్నారనుకుందాం. 1.60ని 1.60తో గుణిస్తే 2.56. 64ను 2.56తో భాగిస్తే 25. భారతీయులైన పెద్దవారికి 23 దాటితే అధిక బరువు, 25కు చేరితే స్థూలకాయం అని మన వైద్య నిపుణులు 2009లో నిర్ణయించారు. మన శరీరాల్లో పొట్ట చుట్టూ కొవ్వు త్వరగా చేరడమే ఇందుకు కారణం. 18 ఏళ్ళ లోపువారికి ఈ హద్దులు వర్తించవు. వారికి వయసును బట్టి వేరే పట్టికలు ఉన్నాయి; వైద్యుడే చూసి చెప్పాలి.

ఇక శక్తి లెక్క. ఒక కిలో శరీర కొవ్వులో దాదాపు 7,700 కిలో కేలరీలు ఉంటాయి. మన విద్యార్థి చిన్న మార్పులు మూడు చేశారనుకుందాం. రోజూ తాగే మూడు కప్పుల టీలో రెండు చెంచాల చక్కెర బదులు ఒకటి వేసుకుంటే 15 గ్రాములు, అంటే 60 కిలో కేలరీలు తగ్గుతాయి. సాయంత్రం బజ్జీల బదులు ఉడికించిన సెనగలు తింటే సుమారు 100 తగ్గుతాయి. 40 నిమిషాలు చురుగ్గా నడిస్తే, ఊరికే కూర్చున్నదానికన్నా సుమారు 125 ఎక్కువ ఖర్చవుతాయి. మొత్తం 285. ఎనిమిది వారాలకు లెక్క వేస్తే దాదాపు 16,000 కిలో కేలరీలు, అంటే రెండు కిలోలు. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి వాస్తవంలో ఫలితం కొంచెం తక్కువగా ఉండవచ్చు. రెండు కిలోలేనా అనిపించిందా? అలవాటు నిలిస్తే ఆ తగ్గుదల నిలుస్తుంది. అసలు సంగతి అదే.

అలవాటు ఎలా ఏర్పడుతుంది?

ప్రతి అలవాటుకూ ఒక సూచన ఉంటుంది. టీవీ పెట్టగానే చెయ్యి చిరుతిండి డబ్బా వైపు పోతుంది. ఇక్కడ ఆకలి లేదు, టీవీయే సూచన. 2005లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొక దానికి మారిన విద్యార్థులను పరిశీలించారు. పరిసరాలు మారని చోట పాత అలవాట్లు కొనసాగాయి. పరిసరాలు మారిన చోట అవి చెదిరి, విద్యార్థుల నిర్ణయాలకు బలం వచ్చింది. సెలవులు కూడా ఇలాంటి మలుపే. పాత సూచనలు లేని మొదటి వారంలో మీరు దేన్ని ప్రవేశపెడితే అదే పాతుకుపోతుంది. ఏదీ ప్రవేశపెట్టకపోతే ఆ ఖాళీని మంచం, చిరుతిండి ఆక్రమిస్తాయి.

దీనికి ఎన్ని రోజులు పడుతుంది? లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మందితో జరిపిన పరిశోధనను 2010లో ప్రచురించారు. కొత్త పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి సగం మందికి 66 రోజులు లేదా అంతకన్నా తక్కువ పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోతాయని, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని అంచనా వేశారు. ఒక రోజు తప్పినంత మాత్రాన నష్టం జరగలేదు. కాబట్టి మధ్యలో ఒక రోజు మానేస్తే "ఇక అంతా పోయింది" అని వదిలేయకండి. మరునాడు కొనసాగించండి.

డైరీ ఫార్మ్‌లో ఒక రోజు

మన విద్యార్థి దినచర్యను ఊరి పరిస్థితులకు తగినట్లు అమర్చుదాం. అండమాన్ దీవులు తూర్పున ఉన్నా గడియారం మాత్రం భారత ప్రామాణిక కాలమే. అందుకే మే నెలలో ఉదయం 5 గంటల ప్రాంతంలోనే సూర్యోదయం, సాయంత్రం ఆరు లోపే సూర్యాస్తమయం. తెల్లవారే వెలుగే సూచన. ముఖం కడుక్కొని చెప్పులు వేసుకోవాలి. ఊరంతా ఎత్తుపల్లాలే కాబట్టి నడకలోనే ఎక్కుడు దిగుడు కూడా కలుస్తాయి. మే మూడో వారానికల్లా నైరుతి రుతుపవనాలు ముందుగా ఈ దీవులనే తాకుతాయి. "వాన పడితే ఇంట్లోనే మెట్లు ఎక్కి దిగుతాను" అని ముందే నిర్ణయించుకుంటే వాన సాకుగా మారదు.

భోజనం సంగతి చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలను విడుదల చేసింది. 2,000 కిలో కేలరీల భోజనానికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలని సూచించింది. దీవులకు చాలా కూరగాయలు ఓడల్లో రావాలి కాబట్టి ధర ఎక్కువ. స్థానికంగా దొరికే బొప్పాయి, అరటి, ఆకుకూరలు, చేపలు ఉన్నాయి. చేపను నూనెలో వేయించే బదులు పులుసు పెట్టుకోండి. కంచంలో ముందు కూర, పప్పు వడ్డించుకొని ఆ తరువాత అన్నం పెట్టుకోండి. ఇంట్లో వంట చేసేది అమ్మ అయితే, ఆమెతో మాట్లాడి ఆమె పనిలో చెయ్యి కలపండి. మీ కోసం వేరే వంట అడగకండి.

చేయకూడనివి

పూటలకు పూటలు మానేయకండి. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకులు స్వచ్ఛందంగా ఒక ప్రయోగంలో పాల్గొన్నారు. 24 వారాలపాటు వారికి సగం ఆకలి తీరేంతే తిండి పెట్టారు. బరువులో దాదాపు నాలుగోవంతు తగ్గారు. కానీ ఎప్పుడూ తిండి ధ్యాసే, చిరాకు, దిగులు. తరువాత స్వేచ్ఛగా తిననిచ్చినప్పుడు చాలామంది అదుపు లేకుండా తిన్నారు. మీది ఎదిగే వయసు. ఎముకలకు, రక్తానికి, మెదడుకు ఆహారం కావాలి. బరువు తగ్గించే పొడులు, మాత్రలు వైద్యుడు చెప్పనిదే ముట్టవద్దు. వారానికి అర కిలో మించి తగ్గాలని తొందరపడవద్దు. తోటివారిని "బొద్దు" అని ఎగతాళి చేయవద్దు. అవమానం వల్ల ఎవరి బరువూ తగ్గదు. తిండి మీద భయం, తిన్న తరువాత అపరాధభావం కలుగుతుంటే పెద్దవారికి చెప్పి వైద్యుడిని కలవండి.

తిరిగి తెరిచాక

అసలు పరీక్ష కళాశాల తెరిచిన రోజున మొదలవుతుంది. రెండు గంటలు వ్యాయామం చేసే అలవాటు సెలవులతోనే ముగిసిపోతుంది. తరగతులున్న రోజు కూడా చేయగలిగిన 40 నిమిషాల నడక నిలబడుతుంది. కాబట్టి సెలవుల చివరి వారంలో నిద్ర లేచే వేళను, నడక వేళను కళాశాల వేళలకు సరిపడేలా జరుపుకోండి. ఏ పని మొదలుపెట్టే ముందైనా "ఇది జూలైలో కూడా చేయగలనా?" అని ప్రశ్నించుకోండి. చేయలేననిపిస్తే దాన్ని తగ్గించి చిన్నది చేసుకోండి.

జ్ఞాపకం ఉంచుకోండి

1. విరామం దానంతట అది బరువును తగ్గించదు. పాత కాలపట్టికను తొలగిస్తుంది. కొత్తది మీరే రాసుకోవాలి.
2. మొదటి వారం ముఖ్యం. ఒక సూచనకు ఒక పనిని ముడిపెట్టండి.
3. చిన్న మార్పులు, ఎక్కువ రోజులు.

చేసి చూడండి

ఒక వారంపాటు మీరు అన్నం వేళ కాకుండా తిన్న ప్రతిదాన్నీ, తినే ముందు ఏం చేస్తున్నారో కూడా నోటుపుస్తకంలో రాయండి. వారం చివర ఏ సూచన ఎక్కువసార్లు వచ్చిందో లెక్కించండి. మీరు మార్చుకోవలసిన మొదటి అలవాటు అక్కడే దొరుకుతుంది.