అతిమానుష వీరుల పాత్రధారణ క్రీడ: గుణదోష పరిశీలనము

బల్ల చుట్టు నలుగురైదుగురు కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను వహించి, కేవలము నోటిమాటతో కథను నడుపు క్రీడ యొకటి అమెరికా దేశమున 1974వ సంవత్సరమున వెలువడినది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు దానిని కల్పించిరి. దాని పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. దీనికి రంగస్థలము లేదు, వేషము లేదు, ముందుగా వ్రాసిన సంభాషణము లేదు. మన తోలుబొమ్మలాటలో తెర వెనుక నున్నవారే బొమ్మల కన్నింటికిని మాటలు చెప్పుదురు. ఈ క్రీడలో నొక్కొక్క బొమ్మ కొక్కొక్క మనిషి మాట చెప్పును. ఆ మాట ఫలించినదా లేదా యనునది మాత్రము పాచిక చెప్పును. కథాస్థలమును వర్ణించుటకును, ప్రతినాయకుల పక్షమున మాటలాడుటకును, నియమములను తీర్చుటకును ఒక డుండును. మేము వానిని సూత్రధారి యనుచున్నాము.

ఆ తరువాత కొలది యేండ్లలోనే అతిమానుష శక్తులు గల వీరుల కథలకు, అనగా ఆకాశమున నెగురువారు, గోడలపై ప్రాకువారు, ఉక్కును వంచువారు మున్నగువారి కథలకు, ప్రత్యేకమైన క్రీడలు బయలుదేరినవి. 1977లో ‘సూపర్‌హీరో 2044’, 1979లో ‘విలన్స్ అండ్ విజిలాంటీస్’, 1981లో ‘ఛాంపియన్స్’ వచ్చినవి. 1984లో విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా పట్టణపు టి.ఎస్.ఆర్. సంస్థ ‘మార్వెల్ సూపర్ హీరోస్’ అను క్రీడను ప్రకటించినది. దీని రూపకర్త జెఫ్ గ్రబ్. విస్తృతమైన నియమములతో దీని పెద్ద కూర్పు 1986లో వచ్చినది. ప్రస్తుత వ్యాసమునకు విషయము ఈ క్రీడయే.

తెలుగువారి సంఘము వెలువరించు సంచికలో ఇట్టి పరదేశపు ఆటకు తావేల యని పాఠకులు శంకింపవచ్చును. తమిళనాడులో 2006 నాటి చట్టము ననుసరించి 2006-07 విద్యాసంవత్సరమున ఒకటవ తరగతితో నారంభించి తమిళము క్రమముగా పదవ తరగతి వరకు నిర్బంధ పాఠ్యమైనది. నిర్బంధము తప్పని నే ననను. ఇరుగుపొరుగువారి భాష రానివాడు బ్రదుకలేడు. కాని భాషాల్పసంఖ్యాకుల బడులలో తెలుగునకు మిగిలిన గంటలు కొలదియే. ఆ కొలది గంటలలో పిల్లలు వినుచున్నారు, చదువుచున్నారు, వ్రాయుచున్నారు. మాటలాడుట మాత్రము లేదు. అవ్వ తెలుగున నడిగినదానికి మనుమడు తమిళమున బదులు చెప్పును. ఇరువురికిని అర్థమగును గనుక ఇంటిలో నెవ్వరికిని లోపము తోచదు. నోరు మెదపక తప్పని యాట యొకటి యున్నచో, దానికి వారమున కొక తెలుగుగంట నీయవచ్చునా? ఈ దృష్టితోనే దీని గుణదోషములను తూచుచున్నాను.

ఈ క్రీడలో ప్రతి వీరునికి ఏడు గుణములు కలవు. పోరు, చురుకు, బలము, ఓర్పు అను నాలుగు శరీరమునకు. యుక్తి, స్ఫురణ, మనోబలము అను మూడు మనస్సునకు సంబంధించినవి. ఆంగ్లమున వాని మొదటి యక్షరములను కూర్చి ‘ఫేసెరిప్’ అని ఈ పద్ధతికే ముద్దుపేరు పెట్టిరి. గుణముల పరిమాణమును అంకెతో గాక మాటతో చెప్పుట ఇందలి విశేషము. ఫీబుల్ అనగా 2, పూర్ 4, టిపికల్ 6, గుడ్ 10, ఎక్సలెంట్ 20, రిమార్కబుల్ 30, ఇన్‌క్రెడిబుల్ 40, అమేజింగ్ 50, మాన్‌స్ట్రస్ 75, అనర్త్‌లీ 100. వీనికి పైన మరికొన్ని మెట్లు కలవుగాని సామాన్యమైన కథలలో వానితో పని లేదు. వీనిని మేము బలహీనము, అల్పము, సామాన్యము, మేలు, ఉత్తమము, విశిష్టము, నమ్మరానిది, అద్భుతము, భీకరము, అలౌకికము అని తెలుగు చేసికొంటిమి.

వీరులను మాటతో శ్రేణులుగా విభజించుట మనకు క్రొత్త గాదు. ఉద్యోగపర్వమున దుర్యోధను డడుగగా భీష్ముడు రథులను, అతిరథులను లెక్కించి చెప్పును. అందు కర్ణుని అర్ధరథునిగా గణించుటచేతనే గదా, భీష్ముడు జీవించి యున్నంతవరకు యుద్ధము చేయనని కర్ణుడు పంతము పట్టినది! ఒక్క విశేషణము యుద్ధగతినే మార్చినది. నీవు ‘ముప్పది’ యన్న నెవ్వడును నొచ్చుకొనడు. ‘సామాన్యుడవు’ అన్నచో నొచ్చుకొనును. పిల్లలు ఈ మాటల కొరకు వాదించుటయే భాషాదృష్టితో నీ క్రీడ యొక్క మొదటి గుణమని నా యభిప్రాయము. అయితే దోషమును దానిలోనే యున్నది. ‘నమ్మరానిది’కంటె ‘అద్భుతము’ ఎట్లు గొప్ప? తెలుగున గాదు, ఆంగ్లమున నైనను దీనికి సమాధానము లేదు. వరుసను కంఠస్థము చేయవలసినదే గాని మాటను బట్టి తెలియునది గాదు. మరియొకటి: 26 మొదలు 35 వరకు అంతయు ‘విశిష్టము’ క్రిందికే వచ్చును గనుక, ఇరువురు వీరుల నడుమనున్న సన్నని తేడాను ఈ కొలత పట్టుకొనజాలదు.

ఇక పాచికల సంగతి. పదిముఖముల పాచికలు రెండింటిని వేసి, ఒకదానిని పదులుగను రెండవదానిని ఒకట్లుగను గ్రహించి, 1 మొదలు 100 వరకు ఒక సంఖ్యను రాబట్టుదురు. దానిని ఒకే యొక పట్టికలో చూతురు. ఆ పట్టికలో ప్రతి శ్రేణి కొక నిలువు గడి. ప్రతి గడిలో తెలుపు, పచ్చ, పసుపు, ఎరుపు అను నాలుగు రంగులు. తెలుపు వచ్చినచో పని విఫలము. పిడికిటిపోటునకు పచ్చ వచ్చినచో దెబ్బ తగిలినది. పసుపైనచో ఎదుటివాడు దూరముగా విసరివేయబడవచ్చును. ఎరుపైనచో స్పృహ తప్పవచ్చును. దూకుట, ఎక్కుట, గురిచూచుట, చిక్కుముడి విప్పుట, సర్వమును ఈ యొక్క పట్టికయే తీర్చును. పదునొకండేండ్ల పిల్లవాడు పావుగంటలో దీనిని గ్రహించును. ఇంతకంటె సుకరమైన యేర్పాటును అదే కాలమున వచ్చిన తక్కిన వీరక్రీడలలో నేను చూడలేదు. ‘ఛాంపియన్స్’ నందు ఒక్కొక్క శక్తిని అంశముల లెక్కన కొని వీరుని నిర్మింపవలెను. ఒక ఆవృత్తిని 12 ఖండములుగా విభజించి ఎవరి వంతు ఏ ఖండమున వచ్చునో చూడవలెను. అది న్యాయమైనదే గాని, తెలుగుగంట కాస్తయు గణితపు గంట యగును.

ఈ పట్టికను నిదానముగా పరిశీలించినచో ఒక వైషమ్యము కానవచ్చును. పోరున సామాన్యుడైన వానికి 50 వరకు తెలుపు. అనగా నూటికి యేబది పాళ్లు తగులును. శ్రేణి పెరిగిన కొలది తెలుపు అయిదేసి చొప్పున తగ్గుచు పోయి, అలౌకికునికి 15 వరకే యుండును; అనగా ఎనుబదియైదు పాళ్లు తగులును. సామాన్యునికిని దేవతాతుల్యునికిని తగిలించుటలో నున్న భేదము ముప్పదియైదు పాళ్లు మాత్రమే. కాని తగిలిన దెబ్బ యెంత యనునది బలము యొక్క అంకెను బట్టి యుండును. సామాన్యుని పిడికిటిపోటు 6, అలౌకికునిది 100. పదునారు రెట్లకు మించినది. శరీరగుణములు నాలుగింటిని కూడిన వచ్చునది వీరుని ఆరోగ్యము. అన్నియు సామాన్యములైన మానవునికి అది 24. స్పైడర్‌మ్యాన్ అను ప్రసిద్ధ వీరునికి 160. సామాన్యుని మరియొక సామాన్యుడు పడగొట్టుటకు నాలుగు పోటులు కావలెను. అలౌకికుని పోటులు రెండు తగిలినచో స్పైడర్‌మ్యాన్ అంతటివాడును పడును. దీనికి తోడు, కవచము గలవానికి ఆ కవచశ్రేణి యొక్క అంకె ప్రతి దెబ్బనుండియు తీసివేయబడును. నలుబది కవచము గలవానిని నలుబది బలముతో నెంతసేపు కొట్టినను గీటు పడదు. కనుక పోరు తరచుగా రెండే విధముల నడచును: ఎంత కొట్టినను ఏమియు కాకుండుట, లేదా రెండు దెబ్బలతో ముగియుట. చిత్రకథలలోని పోరాటము అట్లే యుండునని సమర్థించువారు కలరు. అది కొంతవరకు నిజమే. కాని చేతికి వచ్చిన వీరుని బలము తక్కువైన పిల్లవాడు నోరు ముడుచుకొని కూర్చుండుట మన ప్రయోజనమునకు విరుద్ధము గదా.

ఆ చిక్కును తీర్చుటకు రూపకర్త చేసిన యేర్పాటే ఈ క్రీడకు ప్రాణము. దాని పేరు కర్మ. మన మాటయే! మనోగుణములు మూడింటిని కూడినది వీరుని తొలి కర్మనిధి. దుండగులను పట్టుకొన్నను, ఆపన్నులను కాపాడినను, ఇచ్చిన మాట నిలుపుకొన్నను అది పెరుగును. కర్తవ్యమును విడిచినచో తరుగును. పాచిక వేయుటకు ముందు ‘కర్మ వ్యయము చేయుదును’ అని ప్రకటించినచో, వచ్చిన సంఖ్యకు నిధినుండి కొంత చేర్చి, తెలుపును పచ్చగాను పచ్చను పసుపుగాను మార్చుకొనవచ్చును. దేహబలము లేనివానికి మనోబలము ఈ విధముగా నక్కరకు వచ్చును.

అయితే దీనికి కర్మ యను పేరు తగదు. మనకు కర్మ యనగా చేసినది; మంచిదియు కావచ్చును, చెడ్డదియు కావచ్చును; అనుభవింపవలసినదే గాని ఇష్టము వచ్చినప్పుడు ఖర్చు చేయునది గాదు. కూడబెట్టి వ్యయము చేయునది పుణ్యము. పుణ్యము క్షయింపగా యయాతి స్వర్గమునుండి జారిపడుటయు, దౌహిత్రులు తమ పుణ్యము నాతని కీయ సిద్ధపడుటయు ఆదిపర్వమున కలవు. చిత్రమేమన, 1986 కూర్పున వీరు లందరును తమ కర్మను ఒక్కచోట చేర్చి, అవసరపడినవాడు తీసికొనునట్లు ఉమ్మడినిధి యేర్పాటు గలదు. యయాతి కథ యెరిగినవానికి ఆ నియమమును మరల బోధింప నక్కరలేదు. మేము కర్మ యను మాటను విడిచి పుణ్యమనియే వాడుచున్నాము.

ఈ నిధిలో మూడు లోపములు కలవు. తొలినిధి యొక్కసారి వ్యయమైనచో తిరిగి రాదు. కనుక మనోగుణముల వలని లాభము మొదటి రెండు మూడు దినములతో సరి. రెండవది, గుణములను పెంచుకొనుటకును ఈ నిధియే మూల్యము. ప్రాణము మీదికి వచ్చినప్పుడు వ్యయము చేసినవాడు పెరుగడు. దాచుకొన్నవాడు కథలో నోడును. ఏండ్ల తరబడి యాడినను వీరులు ఉన్నచోటనే యుందురను ఆక్షేపణకు మూలమిదియే. మూడవది కొంత సూక్ష్మమైనది. ఎవనినైన చంపినచో వీరుని కర్మ యంతయు శూన్యమగును. పిల్లల యాటకు ఇంతకంటె చక్కని నియమము లేదు. శత్రువును బంధించుటకు, భయపెట్టుటకు, ఒప్పించుటకు మార్గములను వెదకుచు వారు మాటలాడక తప్పదు. కాని అదే మార్వెల్ సంస్థవారి కథలలో పనిషర్ వంటి హంతకవీరులును కలరు. వారికి ఈ కొలత సరిపడదు. అంతేగాక ధర్మము జమాఖర్చుల పుస్తకమున కెక్కినప్పుడు, మునుగువానిని కాపాడుటకు ముందు ‘ఎన్ని పుణ్యములు వచ్చును?’ అని యడుగు పిల్లవాడు తప్పక యొక డుండును. అప్పుడు సూత్రధారి లెక్కను వెంటనే చెప్పక, కథ ముగిసిన పిదప చెప్పుట మేలు.

వీరుని నిర్మించుకొనుట కూడ పాచికలతోనే. పుట్టుక, గుణములు, శక్తులు అన్నియు దైవాధీనములు. ఒకనికి భీకరబలము వచ్చును, మరొకనికి బల్లివలె గోడనంటు శక్తి మాత్రమే వచ్చును. సమత్వము కోరువారికి ఇది మహాదోషము. నేనింత కఠినముగా చెప్పను. వచ్చిన పిచ్చిశక్తికి కారణమేమో కల్పించి చెప్పుమన్నప్పుడు, కోరి యెన్నుకొన్న శక్తికంటె దానికే పిల్లలు నాలుగు మాటలెక్కువ చెప్పుదురు.

భాషాప్రయోజనమునకు వచ్చినచో, ఈ క్రీడ యొక్క క్రమమే వ్యాకరణ పాఠమువలె నున్నది. ప్రతి యావృత్తిలోను పాచికకు ముందు ఎవరేమి చేయుదురో చెప్పవలెను, అది భవిష్యత్తు. ‘వాడు తలుపు మూసినచో నేను కిటికీనుండి దూకుదును’ అనుట చేదర్థకము. పాచిక పడిన పిదప జరిగినదానిని చెప్పుట భూతము. ఏ పాఠ్యపుస్తకమును ఒక్క గంటలో నొక పిల్లవానిచేత ఇన్ని క్రియారూపములను పలికింపలేదు. పిల్లలు గ్రాంథికమున పలుకరు, పలుకనక్కరయు లేదు. ‘ఉండాడు’, ‘పోతా’ అని తమ యింటిమాటలలోనే చెప్పుదురు. నియమములు ఆంగ్లమున నుండుటయు, కథాస్థలము న్యూయార్కు నగరమగుటయు నిజమైన యడ్డంకులు. పట్టికను శ్రేణుల పేర్లను తెలుగు చేయుట యొక పూటపని. నగరమును మార్చుట యింకను సులభము. చేపల బజారు, బస్సునిలయము, చెరువుకట్ట, ఇవి యున్నచో మన్‌హాటన్‌తో పనిలేదు. ఊరిపేరు మారగానే ఇంతవరకు తమిళమున గొణిగిన పిల్లలు చెరువుకట్ట మీది అంగళ్లను పేరుపేరున తెలుగులో చెప్పసాగిరి.

టి.ఎస్.ఆర్. సంస్థ 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను సంస్థ వశమైనది. మార్వెల్ వారి పేరుతో 2023లో మూడు ఆరుముఖముల పాచికలతో నాడు మరియొక క్రీడ వచ్చినది. దాని నియమములు వేరు. పైని మాటలు దానికి వర్తింపవు.

ఆచరణలో పెద్ద చిక్కు కాలము. ఒక కథకు రెండు గంటలైన కావలెను. బడిలో నొక గంట యనగా నలుబది నిమిషములు. ఒక్క బల్లకు అయిదుగురికంటె నెక్కువమంది యున్నచో వంతు వచ్చులోపల పిల్లలు కునుకుదురు. అందుచేత పోరు మధ్యలోనే ఆటను నిలిపి, ఎవరెక్కడ నిలిచియున్నారో, ఎంత ఆరోగ్యము, ఎంత పుణ్యము మిగిలినదో, రానున్న వారము ఏమి చేయదలచిరో మూడు నాలుగు పంక్తులలో నెవరి పుస్తకమున వారు తెలుగులో వ్రాసికొను నేర్పాటు చేసితిమి. వ్రాయనివాని వంతు చివరకు వచ్చును.